తీరం వెంట పోగల పడవ

పడవ కడుపులో ఎడమ పక్కకు ఒరిగి పడుకుని, చిన్న చెక్క సుత్తితో గోడ మీద తట్టి చెవి ఆనించాడు. టక్. గట్టి చప్పుడు. బెత్తెడు దూరం జరిపి మళ్ళీ తట్టాడు. టక్. ఇదీ గట్టిదే. ఫైబరు పొరల మధ్య నీళ్ళు చేరితే ఇంత శుభ్రంగా మోగదు, తడి అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ మొద్దు చప్పుడు కోసమే ఇవాళ అతను చెవి రిక్కించి ఉన్నాడు. జుట్టు నెరిసేదాకా ఇదే పని చేశాడు. తీరంలో ఏ పడవ చేతులు మారాలన్నా, ఏ పడవ సముద్రం ముఖం చూడాలన్నా ముందు అతని సుత్తి దెబ్బలు తినాలి. ఇన్నేళ్ళలో గట్టి చప్పుడు విన్నప్పుడు సంతోషించాడే తప్ప, ఇలా ప్రతి దెబ్బకూ లోపల ఏదో కొంచెం కుంగడం ఎన్నడూ లేదు. ఒక్కచోట, ఒకే ఒక్కచోట బోలుగా మోగితే చాలు. మోగదే! ఎవరు పోశారో గానీ దీన్ని, మనసు పెట్టి పోశారు. నేల మీద ఊతకర్రల మధ్య నిలబెట్టిన పడవ ఒట్టి డోలు. లోపల సుత్తి దెబ్బ బయటికి ఎంత వినిపిస్తుందో, బయటి మాట లోపలికీ అంతే వినిపిస్తుంది. ఈ సంగతి బయట కూర్చున్నవాళ్ళకు తెలియదు. గోడకు అవతల, పడవ నీడలో, అతని భార్యా మరదలూ కూర్చుని ఉన్నారు.

"పందెం కాయవే అక్కా. మా వద్దుగారు వద్దనే అంటారు."

వద్దుగారు. పడవల యార్డులో అతనికున్న పేరు అది. ముందు ఎవరు పెట్టారో తెలియదు, పెట్టింది అతికింది. అతను వస్తుంటే పడవల యజమానులు సిగరెట్టు పారేసి, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రుల్లా నిలబడేవారు. మరదలికి ఆ పేరంటే మహా ఇష్టం, ఎదుట 'బావగారూ' అంటుంది, చాటున ఇదీ. రేవు అవతల పిల్లలకు తెరచాప పడవలు నేర్పే మనిషి ఆమె. ఒంటిది, గొంతు పెద్దది, గాలికి ఎదురు అరిచి అరిచి చాటు మాట కూడా చాటింపులా ఉంటుంది.

"ఆగవే," అంది భార్య. "పనిలో ఉన్నప్పుడు ఆయన వేరే మనిషి."

సుత్తి ఆగిపోయింది. వేరే మనిషి. మెచ్చుకోలే అది, కాదనడానికి లేదు. మరి పనిలో లేనప్పుడు? ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, దీపం ముందు నిలబడి కళ్ళు మూసుకున్నప్పుడు, పక్కన కూర్చుని అన్నం తిన్నప్పుడు, లైటు తీసి అటు తిరిగి పడుకున్నప్పుడు ఎవరితను? ఆ మనిషి గురించి ఆమె ఏమంటుందో విందామని గోడకు చెవి ఇంకాస్త గట్టిగా ఆనించాడు. వాళ్ళు నవ్వుతున్నారు గానీ, వేరే దేనికో. పిచ్చుక ఏదో తాళ్ళ చుట్టలో గూడు పెట్టిందట, దానికి.

మొన్న పొద్దున కూడా అంతే, మామూలుగా చెప్పింది. కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి, "ఏమండీ, ఒక పడవ చూడాలి మీరు," అంది. ఆమె తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది కాబట్టి అక్కడికొచ్చే ఎవరో అడిగి ఉంటారనుకున్నాడు. "ఎవరిది?" అన్నాడు పేపరు తిప్పుతూ. "నాది." పేపరు దించాడు. ఎవరో వదిలేసిపోయిన పడవ, చెల్లెలూ తనూ కలిసి రెండు సీజన్లుగా బాగుచేసుకుంటున్నారట, గీకి, రుద్ది, రంగేసి, చాపలు తన చేత్తోనే కుట్టుకుందట. రెండు సీజన్లు! ఎన్ని సాయంత్రాలు చేతులకు ఆ రెజిను వాసనతో ఇంటికి వచ్చి ఉంటుంది. రంగు వెనక దాక్కున్న చెమ్మను ముక్కుతో పట్టే మనిషి, పక్కలో పడుకున్న మనిషి చేతుల వాసన పట్టలేదు. పట్టలేదా, పట్టినా షెడ్డు వాసనే అని సరిపెట్టుకున్నాడా? ఏం చేస్తారు పడవతో, అన్నాడు. తీరం వెంట పోతాం, నేనూ చెల్లీ. ఎన్నాళ్ళు? గాలిని బట్టి. తిరిగి రావడం? అప్పుడు గ్లాసు తీసి తొలిచి బోర్లించి, తువ్వాలుతో చేతులు ఒక్కొక్క వేలూ తుడుచుకుని, దాచకుండా చెప్పింది. తీరం చివరి ఊళ్ళో చెల్లి స్నేహితురాలికి చాపలు కుట్టే షెడ్డు ఉంది, మనిషి కావాలంటోంది, నచ్చితే అక్కడే ఉండిపోతాననుకుంటున్నాను. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే ఏదో ఒకటి అనేవాడు. "మీరు చూసి కాదంటే వెళ్ళను. ఈ ఒక్క విషయంలో మీ మాట నాకు రాత," అని కూడా అంది. ఈ ఒక్క విషయంలో. అంటే మిగతా అన్ని విషయాల లెక్కా ఆ ఒక్క మాటలోనే తేల్చేసింది.

మోకాళ్ళ మీద లేచి, నేలపలక ఎత్తి, అడుగు బరువును పట్టి ఉంచే బోల్టుల మీద టార్చి వేశాడు. పడవ కింద వేలాడే ఆ ఇనుప బరువే పడవకు ప్రాణం. అల పక్కకు పడగొట్టినా తిరిగి లేపి నిలబెట్టేది అదే. బోల్టుల చుట్టూ తుప్పు కన్నీళ్ళు లేవు. వాషర్ల కింద ఫైబరు నలగలేదు. చుక్కాని బయట ముందే ఊపి చూశాడు, ఊగులాట లేదు. నీళ్ళు తోడే పంపు చేత్తో కొట్టి చూశాడు, పీల్చింది. అడుగున ఉన్న కవాటాలు ఒక్కొక్కటీ మూసి తెరిచాడు, వెన్నలా తిరిగాయి. ఎవరో క్రమం తప్పకుండా గ్రీజు పెట్టారు. ఎవరో ఏమిటి, తెలుసు ఎవరో. ఇంట్లో డబ్బాల మూతలు కూడా అంత శుభ్రంగా తిరుగుతాయి. లంగరు బరువైంది, దాని గొలుసు కొత్తది. నడిసముద్రం మీద పోయే పడవ కంటే తీరం వెంట పోయే పడవను ఎక్కువ కఠినంగా చూడాలని అతని అభిప్రాయం, కుర్ర తనిఖీదారులకు అదే చెబుతుంటాడు. జనం తలకిందులుగా అనుకుంటారు, ఒడ్డు కనిపిస్తోంది కదా, భయమేముంది అని. నడిసముద్రంలో పడవ ఎటు కొట్టుకుపోయినా తగలడానికి ఏమీ ఉండదు. తీరం దగ్గర గాలి ఒడ్డువైపు తిరిగిందంటే, కళ్ళకు కనిపించే ఆ ఒడ్డే పడవను నలిపేస్తుంది. గాలికి ఎదురు ఏటవాలుగా పాకుతూ ఒడ్డు నుంచి దూరంగా తప్పుకోగలగాలి, అది చేతనైన పడవే తీరం వెంట పోగల పడవ. ఇది చేయగలదా? ఆకారం చూస్తే చేయగలదు. సన్నని ముందు భాగం, లోతైన అడుగు. ఆమె కుట్టిన చాప సంచిలోంచి లాగి కుట్లు చూశాడు. ఒక్కో కుట్టూ మూడు వరసల్లో, పని బాగా తెలిసినవాళ్ళు వేసే కుట్టు. ఎంత గాలికైనా చాప చిరగాలే గానీ కుట్టు వీడదు. ఈ చాపతో ఆమె ఒడ్డు నుంచి తప్పుకోగలదు. సులువుగా తప్పుకోగలదు.

ఏ పడవలో కాలు పెట్టే ముందైనా ఒక చిన్న మాట మనసులో అనుకోవడం అతనికి అలవాటు. స్వామీ, ఉన్నది ఉన్నట్టు కనిపించనీ. అంతే, ఇంకేమీ అడగడు. ఇవాళ నిచ్చెన ఎక్కుతూ అదే మాట అనుకోబోతే మనసు సాగలేదు. ఉన్నది ఉన్నట్టు వద్దు ఇవాళ. లేనిది ఏదైనా కనిపించనీ. దేవుణ్ణి అబద్ధం అడగడం ఇదే మొదలు. ఆయనకైనా కొత్తగా ఉండి ఉంటుంది. మాట పూర్తిచేయకుండానే లోపలికి దిగాడు. అందుకేనేమో ఈ ఇరుకు, ఈ ఉక్క, ఈ మోకాలి నొప్పి అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టున్నాయి, ఎవరూ తోడు లేరన్నట్టు.

భార్యను ఎన్నడూ పడవ ఎక్కించలేదు. ఎక్కించకూడదని కాదు. పెళ్ళయిన కొత్తలో ఒక పడవ యజమాని, తనిఖీ అయిపోయింది కదా, సాయంత్రం అమ్మగారిని తీసుకురండి, అలా తిరిగొద్దాం అన్నాడు. ఆమె వచ్చింది. కొత్త చెప్పులు తడుస్తాయని విప్పి చేతిలో పట్టుకుని, రేవు మెట్టు మీద ఉత్తకాళ్ళతో నిలబడింది. కాళ్ళ కింద చెక్క వెచ్చగా ఉందేమో, ఒక్కో పాదం మార్చి మార్చి వేస్తూ నవ్వుతోంది. అతను లంగరు తాడు చూశాడు. ఒక చోట పోగులు లేచి ఉన్నాయి. ఇవాళ వద్దు, అన్నాడు. ఆమె చెప్పులు కింద పెట్టి తొడుక్కుంది. బస్సులో తిరిగొచ్చారు, ఆమె కిటికీ పక్కన. ఆ మర్నాడు ఆ తాడు నిజంగానే తెగింది, పడవ పోయి రేవు గోడకు గుద్దుకుంది, అందరూ అతని చూపును పొగిడారు. ఆ తర్వాత మరో పడవ, మరో సాయంత్రం, స్తంభం తీగల్లో ఒక పోగు విరిగి ఉంది, వద్దు. ఇంకోసారి మబ్బు, వద్దు. కొండ మీదకు, వద్దు, బ్రేకులు బాగాలేని బస్సు. ప్రతిసారీ అతనిదే సరైన మాట. అక్కడే వచ్చింది చిక్కు. తప్పు చేసి ఉంటే కాళ్ళు పట్టుకుని క్షమించమనేవాడు. సరైన మాటకు క్షమాపణ ఎలా అడుగుతారు? ఎవరిని అడుగుతారు? ఒకానొక రోజు నుంచి ఆమె ఎక్కడికైనా పోదామనడమే మానేసింది. ఇల్లు నెమ్మదించింది అనుకున్నాడు. మా ఇంట్లో పోట్లాటలుండవు అని పదిమంది దగ్గర చెప్పుకున్నాడు కూడా.

పిల్లలు పుట్టనప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ కళ్ళజోడు తీసి, ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదండీ, ఎందుకు కలగడం లేదో చెప్పలేను, అంది. వేరే ఎవరైనా అయితే ఊరట పడేవారు. అతను కుర్చీలో అలాగే ఉండిపోయాడు. లోపం ఉంటే చూపించండి, బాగుచేసుకుంటాం. లోపమే లేదంటే మనిషి ఎక్కడ మొదలుపెట్టాలి? అతని లోకంలో ఒక వస్తువు పనిచేయకపోతే దానికి ఒక చోటు ఉంటుంది, వేలు పెట్టి చూపించగల చోటు. స్వామీ, లోపం లేకుండా లేమి ఎలా పెట్టావు, అని ఆ రాత్రి దీపం ముందు అడిగాడు, గద్దించి కాదు, తెలియక. ఇంటికి రాగానే మాత్రం అతను చేసిన పని వేరు. నూనె డబ్బా తీసుకుని ఇంట్లో కిర్రుమనే తలుపులన్నిటికీ నూనె వేశాడు, కిటికీ రెక్కలకు, బీరువాకు, చివరికి చప్పుడు చేయని స్నానాల గది తలుపుకు కూడా. ఆమె వంటింట్లో కొళాయి విప్పి నిలబడి ఉంది. నీళ్ళ చప్పుడు వెనక ఇంకేదో చప్పుడు వినిపించింది. వినిపించలేదని కాదు. పెద్దమనిషి తరహాలో అటు వెళ్ళకుండా ఉండటమే మర్యాద అనుకున్నాడు. కాసేపటికి కొళాయి ఆగింది. ఆమె ముఖం కడుక్కుని వచ్చి అన్నం పెట్టింది. ఆ విషయం మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"సార్! బతికే ఉన్నారా?"

లోపలికి దిగే మూత దగ్గర వెలుగుకు ఏదో అడ్డుపడింది. యార్డు మేస్త్రీ తల. గొంతు ఎండిపోయిన గిలకలా కీచుమంటుంది కాబట్టి గిలక మేస్త్రీ అనే అంటారు అందరూ, అతనూ పలుకుతాడు.

"ఏం, క్రేనువాడు తొందరపెడుతున్నాడా?"

"వాడి మొహం, వాడు నిద్రపోతున్నాడు. ఇది అమ్మగారు ఇమ్మన్నారు." దూదిమెత్త ఒకటి కిందికి జారవిడిచాడు. ఇంట్లో వంటింటి పీట మీద ఉండేది. "మోకాలి కింద పెట్టుకోమన్నారు. ఇంటి దగ్గర్నుంచి సంచిలో పెట్టి తెచ్చారంట. అదృష్టవంతులండీ మీరు. మా ఇంటావిడైతే ఆ మెత్త నా మొహాన పెట్టి నొక్కుతుంది."

గిలక వెళ్ళిపోయాడు తన నవ్వు తనే నవ్వుకుంటూ. అతను మెత్త వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిలివెళ్ళే మనిషి మోకాలి నొప్పి గుర్తుపెట్టుకుని మెత్త తెస్తుందా? తెస్తుంది. ఆమె తెస్తుంది. అందులో ప్రేమ ఉందేమో అని వెతకబోయాడు, చేత్తో నొక్కాడు కూడా. దూది, గుడ్డ. షెడ్డులో ముసలి కుట్టుపనివాడికీ ఆమె ఇలాగే మెత్త వేసి ఉంటుంది. ఎవరి నొప్పి కనిపించినా అంతే. అది అతనికి ప్రత్యేకంగా పంపింది కాదు, ఆమె స్వభావం దారిన పోతూ అతన్ని కూడా తాకింది. మెత్త మోకాలి కింద పెట్టుకున్నాడు. నొప్పి తగ్గింది. అదే ఇంకా చేదుగా ఉంది.

మెత్త మీద మోకాలు ఆనేసరికి కొంచెం ముందుకు వంగగలిగాడు. అందువల్లే కనిపించింది. పడవ మధ్యలో, అడ్డగోడ పైకప్పును కలిసే మూలలో, చిన్న అర వెనక, తెల్లటి పేస్టు. సన్నగా, తీరుగా, వేలితో ఒక్క ఊపున నునుపు చేసిన గీత. ఇంట్లో స్నానాల గది పలకల మధ్య సందులు ఆమె ఇలాగే పూస్తుంది, తడి వేలితో, ఆపకుండా. తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా లాగి నిలబెట్టే తీగలు పైన దేనికి కట్టి ఉంటాయో, ఆ లోహపు పట్టీలు సరిగ్గా ఇక్కడే డెక్కును చీల్చుకుని లోపలికి దిగి అడ్డగోడకు బిగించి ఉంటాయి. స్తంభం బరువూ, చాప మీద గాలి బలమూ మొత్తం ఈ రెండు పట్టీల మీదే. పైన అవి తళతళ మెరుస్తున్నాయి, ఇందాక చూశాడు. చాకు తీసి పేస్టు మొదట్లో గుచ్చి, మెల్లగా కోశాడు. కోసిన చోటు నుంచి ముదురు టీ రంగు నీళ్ళు బయటికొచ్చి అతని మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పాకాయి. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో, వెచ్చగా ఉన్నాయి.

దొరికింది. గుండె ఒక్కసారి ఎగిరింది, పోయిన వస్తువు దొరికినట్టు, తల్లి పిలిచినట్టు. చిన్న అద్దం మూలలో పెట్టి టార్చి వేసి చూశాడు. పట్టీ పక్కన గోధుమరంగు చారలు, బోల్టు తల చుట్టూ పుండు కట్టినట్టు. అర్థమైపోయింది అంతా. పైన డెక్కు మీద పట్టీ దూరే చోట సన్నని సందు ఉంది. వాన పడ్డప్పుడల్లా లోపల పక్క మీద చుక్క చుక్కగా పడేది. పడవవాళ్ళెవరైనా పైకెక్కి, పట్టీ ఊడదీసి, పైనుంచి మూస్తారు. ఇల్లు దిద్దుకునే మనిషి లోపలి నుంచి మూస్తుంది, ఎందుకంటే ఆమెకు కనిపించేది లోపలి చుక్క, తడిసే పక్క. చుక్క ఆగింది. నీళ్ళు ఆగలేదు, బయటికి పోయే దారి మాత్రం ఆగింది. ఆ మెరిసే లోహం గాలి తగిలినంతకాలం తుప్పు పట్టదు. తడిలో, ఊపిరాడని చోట మూసిపెడితే తనను తానే తింటుంది. ఎవరికీ తెలియకుండా, పైన మెరుపు పోకుండా. గది పొడిగా, పక్క పొడిగా, అంతా బాగున్నట్టు. అతను అద్దం దించాడు. సంతోషం అప్పటికే పోయింది, పోయినచోట ఒక రకమైన సిగ్గు మిగిలింది, దొంగతనంగా ఏదో తిని మూతి తుడుచుకున్నవాడి సిగ్గు.

ఎందుకంటే ఇది పెద్ద జబ్బు కాదు. రెండు పట్టీలు, నాలుగైదు బోల్టులు, ఒక వారం పని. మార్చి, పైనుంచి మూస్తే పడవ నిక్షేపంలా పోతుంది. ఆ నిజం చెప్తే పడవను ఆమె చేతిలో పెట్టినట్టే. రేవు దాటకూడదు అని ఒక్క ముక్క అంటే చాలు. అడ్డగోడ మొత్తం కుళ్ళిపోయింది, పనికిరాదు అంటే ఎవరు కాదంటారు? గిలక సుత్తి పట్టడు. మరదలికి గాలి తెలుసు, లోహం తెలియదు. ఆమె ఏడవదు, అరవదు, సరేనండీ అని చాప మడిచి సంచిలో పెడుతుంది, బస్సెక్కి ఇంటికొస్తుంది, కిటికీ పక్కన కూర్చుని. రేపు పొద్దున కాఫీ గ్లాసు, ఎల్లుండి పొద్దున కాఫీ గ్లాసు. ఇద్దరిలో ఒకరు పోయేదాకా. చాలదా? చాలామందికి అంతకంటే ఎక్కువ దొరుకుతుందా? ఆ వెనకే, ఎక్కడి నుంచి వచ్చిందో, అతను పిలవని ఇంకో ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. పేస్టు మళ్ళీ పూసెయ్యి. బాగుంది వెళ్ళమను. నచ్చితే ఉండిపోతానంది కదా, పోనీ. మొదటి పెద్దగాలికి పట్టీ ఊడుతుంది, స్తంభం కూలుతుంది, అప్పుడు తెలుస్తుంది వద్దన్నవాడి విలువ. చేతిలో చాకు కింద పడేసి రెండు అరచేతులూ మొహానికి కప్పుకున్నాడు, తుప్పు నీళ్ళ వాసన. స్వామీ. ఇది నాలో ఎప్పటి నుంచి ఉంది? ఇన్ని పడవల్లో చెమ్మ వెతికావురా, నీలో ఒక్కసారి తట్టి చూసుకున్నావా, అని ఎవరైనా అడిగితే బావుండును. ఎవరూ అడగలేదు. బయట మరదలు ఏదో అంటే భార్య పకపకా నవ్వింది, అతనికి తెలియని నవ్వు, గొంతు లోపల్నుంచి, అడ్డులేకుండా. ఈ నవ్వు ఎక్కడుంది ఇన్నాళ్ళూ? ఇంట్లోనే ఉండేదా? అతను సామాన్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకున్నాడు, అద్దం, టార్చి, సుత్తి, చాకు. మెత్త కూడా.

నిచ్చెన దిగుతుంటే ముగ్గురూ లేచి నిలబడ్డారు. పిల్ల తండ్రుల్లా. భార్య నుదుటి మీద చెమట, జుట్టు మీద రంగుపొడి. వయసు కనిపిస్తోంది, అలసట మాత్రం లేదు.

"లోపల్నుంచి పేస్టు పూసింది నువ్వేనా?"

"నేనే. చుక్క చుక్కగా కారేదండీ, పక్కంతా తడిసిపోయేది. ఏం, ఊడిందా?"

"ఊడలేదు. అదే గొడవ. పైనుంచి మూయాలి. నువ్వు మూసింది నీళ్ళు పోయే దారిని."

ఆమె మొహం పాలిపోయింది. "అంటే నా చేత్తో నేనే పాడు చేశానా?"

"నేనూ చూసి భలే పూశావే అన్నాను కదే," అంది మరదలు, మొదటిసారి గొంతు తగ్గించి. "పైన మెరుస్తూనే ఉంది కదా బావగారూ."

"పైన మెరుస్తుంది. లోపల తినేసింది."

గిలక పెదవి చప్పరించాడు. ఆమె పడవ వైపు చూసింది, రెండు సీజన్లు రుద్దిన ఆ తెల్లటి ఒంటి వైపు, తర్వాత అతని వైపు. ఏమంటే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్న కళ్ళు. ఇంత నమ్మకం ఆ కళ్ళలో చూసి ఎన్నేళ్ళయిందో. అబద్ధం చెప్పి ఆ కళ్ళు తనవి చేసుకోవచ్చు, చెప్పిన క్షణం నుంచి అవి తనవి కావు. అతని గొంతు, అడగకుండానే, పని గొంతయింది.

"పట్టీలు రెండూ, బోల్టులన్నీ మార్చాలి. అడ్డగోడ గట్టిగానే ఉంది, ఆరబెట్టాలి. పైనుంచి మూయాలి. అవి చేస్తే తీరం వెంట పోవచ్చు."

"అమ్మో! పోవచ్చన్నారా?" మరదలు గిలక వీపు మీద ఒక్కటి చరిచింది. "వద్దుగారు పోవచ్చన్నారు! అక్కా, పందెం నీదే."

"చెప్పాను కదే," అంది ఆమె. "పని దగ్గర ఆయన అబద్ధం ఆడరని." ఊపిరి వదిలింది. అంతలోనే భయం తిరిగొచ్చినట్టు, కొనేవాళ్ళందరూ చివర్లో అడిగే ప్రశ్న తనూ అడిగింది. ఎవరు అడిగినా, చూడటం నా పని, ఎక్కడం కాదు అని తప్పించుకునే ప్రశ్న అది. "అవన్నీ మార్చాక, మీరైతే ఎక్కుతారా దీంట్లో?"

"ఎక్కుతాను," అన్నాడు.

పనివాడి గొంతు కాదది. అతనికే తెలిసింది. మరదలి నవ్వు ఆగింది. గిలక పక్కకు తిరిగి తాళ్ళ చుట్టలో పిచ్చుకగూడు ఉందో లేదో చూడసాగాడు. ఆమె అతని మొహం వంక చాలాసేపు చూసింది. అర్థం కానట్టు కాదు, అంతా అర్థమైనట్టే.

"నేనడిగింది పడవ గురించి," అంది, మెల్లగా, కసరకుండా.

"తెలుసు. పడవ గురించే చెప్పాను." సంచిలో చెయ్యి పెట్టి స్పానరు వెతికాడు. "ఒక బోల్టు తీసిస్తాను. కొలత చూసి కొత్తవి తెచ్చుకోవచ్చు."

"మీకెందుకండీ శ్రమ, మేస్త్రీ తీస్తాడుగా. మోకాలు..."

"ఒక్కటే," అంటూ నిచ్చెన ఎక్కేశాడు.

లోపల ఉక్క అలాగే ఉంది. మూలలోకి చెయ్యి పోనిచ్చి, నట్టుకు స్పానరు తగిలించి, తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, ఇవాళంతా తిప్పినా రాదు అనుకుంటూ భుజం బలమంతా పెట్టాడు. అంత బలం అవసరం లేకపోయింది. సగం తిప్పకముందే బోల్టు చిన్న చప్పుడు చేసి విరిగి, అతని అరచేతిలో పడింది. వెలుగులోకి పట్టుకుని చూశాడు. విరిగిన ముఖమంతా ముదురు గోధుమ రంగు, పొరలు పొరలుగా. సరిగ్గా మధ్యలో మాత్రం ఆవగింజంత మేర తెల్లగా, కొత్త లోహంలా మెరుస్తోంది. స్తంభం ఇన్నాళ్ళూ ఆ కొంచెం మీదే నిలబడి ఉంది.